క్లాట్ లాజికల్ రీజనింగ్: తెలుగులో మొదలుపెట్టి ఇంగ్లీషులో గట్టిపడటం ఎలా

క్లాట్ అంటే నేషనల్ లా యూనివర్సిటీల్లో చేరడానికి రాసే ప్రవేశ పరీక్ష. అందులో ఒక ప్యాసేజీ ఇచ్చి, దానిలోని వాదనని విప్పి చూడమనే భాగం లాజికల్ రీజనింగ్. నా దగ్గర కూర్చుని క్లాట్‌కి చదువుకున్న పిల్లల్లో నేను ఎక్కువసార్లు చూసిన తప్పు ఒకటుంది. ప్యాసేజీ మద్యం దుకాణాల లైసెన్సుల గురించి అనుకోండి. ఆప్షన్లలో ఒకచోట "మద్యం కుటుంబాలను నాశనం చేస్తుంది" అని ఉంటుంది. అది నిజమే. ఆ పిల్లో పిల్లాడో ఇంట్లోనో పక్కింట్లోనో కళ్లారా చూసిన నిజం. వెంటనే దాన్ని టిక్కు పెట్టేస్తారు. ప్యాసేజీలో ఆ మాట ఎక్కడా ఉండదు, అడిగిన ప్రశ్నకి దానితో పనీ ఉండదు. మార్కు పోతుంది, పైగా పావు మార్కు కోత పడుతుంది.

ఇంకో ఇబ్బంది భాష. క్లాట్ పేపరు ఇంగ్లీషులోనే ఉంటుంది. మన పిల్లలు, ముఖ్యంగా తెలుగు మీడియంలో చదివి వచ్చినవాళ్లు, రెండు పనులు ఒకేసారి నెత్తిన వేసుకుంటారు. ఇంగ్లీషు అర్థం చేసుకోవడం ఒకటి, వాదనలో లొసుగు పట్టుకోవడం ఇంకొకటి. జవాబు తప్పితే ఏ పని దగ్గర తప్పిందో వాళ్లకే తెలియదు. "నాకు ఇంగ్లీషు రాదు" అనుకుని కుంగిపోతారు. అదే ప్రశ్నని తెలుగులో చెప్పి చూస్తే, అప్పుడూ తప్పే పెడతారు! అంటే తడబాటు భాషలో లేదు, ఆలోచనలో ఉంది. అందుకే ఈ రెండు పనుల్నీ మొదట విడదీయమంటాను. తర్కాన్ని తెలుగులో పట్టుకోండి. అది చేతికి వచ్చాక ఇంగ్లీషులోకి తీసుకెళ్లండి. ఆరు నెలలుంటే హాయిగా సరిపోతుంది. మూడు నెలలే ఉన్నా కుదురుతుంది, కాకపోతే రోజూ కూర్చోవాలి.

ముందు మీ పరీక్ష ఏదో చూసుకోండి

క్లాట్ 2008లో మొదలైంది. చాలా ఏళ్లు అందులో సిరీస్‌లు (వరుసలో తర్వాతది చెప్పడం), రక్తసంబంధాలు, సీటింగ్ లెక్కలు (ఎవరు ఎక్కడ కూర్చున్నారో తేల్చడం) విడి ప్రశ్నలుగా వచ్చేవి. 2020 నుంచి పేపరంతా ప్యాసేజీల మీద నడుస్తోంది. ఇప్పుడు 120 ప్రశ్నలు, 2 గంటలు. అందులో లాజికల్ రీజనింగ్‌వి 22 నుంచి 26, అంటే దాదాపు ఐదో వంతు. ఒక్కో ప్యాసేజీ సుమారు 450 పదాలు ఉంటుంది, దాని కింద వరుసగా ప్రశ్నలుంటాయి. సరైన జవాబుకి 1 మార్కు, తప్పుకి 0.25 కోత. కాబట్టి సీనియర్లు ఇచ్చిన పాత పుస్తకాలు 2020కి ముందువైతే వాటితో మొదలుపెట్టకండి. శామీర్‌పేటలోని నల్సార్‌లో చేరాలన్నా, విశాఖపట్నం దగ్గర సబ్బవరంలోని దామోదరం సంజీవయ్య లా యూనివర్సిటీలో చేరాలన్నా ఈ పేపరే దాటాలి.

ఢిల్లీ నేషనల్ లా యూనివర్సిటీ మాత్రం ఐలెట్ అని వేరే పరీక్ష పెడుతుంది. అక్కడ 150 ప్రశ్నల్లో 70 లాజికల్ రీజనింగే. మన తెలుగు రాష్ట్రాల లా కాలేజీల ప్రవేశ పరీక్ష లాసెట్ తెలుగులోనూ రాయొచ్చు. 120 ప్రశ్నలు, 90 నిమిషాలు, తప్పుకి కోత లేదు. జనరల్ నాలెడ్జి, మెంటల్ ఎబిలిటీ కలిపి 30 ప్రశ్నలు. అమెరికాలో లా చదవాలనుకునే మనవాళ్లు రాసే ఎల్‌శాట్‌లో 2024 ఆగస్టు నుంచి లాజిక్ గేమ్స్ అనే చిక్కు ప్రశ్నల సెక్షన్ తీసేశారు. మార్కులు లెక్కపెట్టే మూడు సెక్షన్లలో రెండు లాజికల్ రీజనింగే. కింద చెప్పేది క్లాట్‌ని దృష్టిలో పెట్టుకుని చెబుతున్నా, వాదన విప్పే పద్ధతి వీటన్నిటికీ ఒకటే.

మొదటి రెండు వారాలు: ఏమంటున్నాడు, ఎందుకంటున్నాడు

రోజూ ఒక తెలుగు దినపత్రికలో సంపాదకీయం తీసుకోండి. ఒకసారి చదివి పేపరు మూసేయండి. నోట్‌బుక్కులో రెండే వాక్యాలు రాయండి. మొదటిది "రచయిత ఏమంటున్నాడు". రెండోది "ఎందుకంటున్నాడు". అంతే, మూడో వాక్యం వద్దు. మొదటి వారం ఇది విసుగ్గా ఉంటుంది, ఎందుకంటే సంపాదకీయాల్లో నేపథ్యం, గణాంకాలు, ఎదుటివాళ్ల మాటలు కూడా చాలా ఉంటాయి. వాటన్నిటినీ దాటుకుని అసలు మాట పట్టుకోవడమే ఇక్కడ కసరత్తు.

రెండో వారం నుంచి అదే పని ఒక ఇంగ్లీషు పత్రిక సంపాదకీయంతో చేయండి. నోట్స్ మాత్రం తెలుగులోనే రాయండి. ఇక్కడ మనవాళ్లు పడే ఒక చిక్కు చెప్పాలి. తెలుగులో మనం కారణం ముందు చెప్పి, తేల్చే మాట చివర చెబుతాం. "వాన పడింది కాబట్టి ఆట ఆగిపోయింది." ఆ అలవాటుతో ఇంగ్లీషు ప్యాసేజీలో కూడా చివరి వాక్యమే కంక్లూజన్ అనుకుంటాం. ఇంగ్లీషు రచయిత చాలాసార్లు తేల్చే మాట మొదటే అనేసి, "బికాజ్" అనో "సిన్స్" అనో తర్వాత కారణాలు పేరుస్తాడు. ఒక్కోసారి మొదటి పేరా అంతా ఎదుటివాళ్ల వాదన చెప్పి, "హౌఎవర్" అని తిప్పి, అక్కడ తన మాట చెబుతాడు. కాబట్టి చోటుని బట్టి కంక్లూజన్‌ని వెతకకండి. ఏదో ఒక వాక్యం తీసుకుని "ఇది ఎందుకు నిజం?" అని ప్యాసేజీని అడగండి. జవాబు దొరికితే అది కంక్లూజన్ కావచ్చు. "అయితే ఏంటి?" అని అడిగితే జవాబు దొరికే వాక్యం కారణం.

"దేర్‌ఫోర్", "హెన్స్", "దస్" వస్తే తర్వాత తేల్చే మాట వస్తుంది. "బికాజ్", "సిన్స్", "ఫర్" వస్తే కారణం వస్తుంది. "సిన్స్"కి "అప్పటినుంచి" అనే అర్థం కూడా ఉందని మరచిపోకండి, "సిన్స్ 1991" అని ఉంటే అది కారణం కాదు.

మధ్యలో ఉన్న గండి

ఈ సెక్షన్‌కి గుండెకాయ ఇదే, అందుకే ఇక్కడ నిదానంగా నడుద్దాం. ఊహించుకుని రాసిన చిన్న వాదన ఒకటి చూడండి.

"ఒక మండలంలో హైస్కూలు పిల్లలకు ప్రభుత్వం సైకిళ్లు ఇచ్చింది. ఏడాది తిరిగేసరికి హాజరు బాగా పెరిగింది. కాబట్టి పక్క మండలంలో కూడా సైకిళ్లు ఇస్తే హాజరు పెరుగుతుంది."

వినగానే సరిగ్గానే ఉంది అనిపిస్తుంది. సైకిల్ ఉంటే బడికి వెళ్లడం తేలికే కదా! ఆ "కదా" మనం కలుపుకున్నది. వాదనలో ఉన్నవి రెండే: సైకిళ్లు ఇచ్చారు, హాజరు పెరిగింది. అక్కడి నుంచి పక్క మండలానికి దూకేశారు. దూకిన చోట గండి ఉంది. నిజానికి రెండు గండ్లున్నాయి. సైకిళ్ల వల్లే హాజరు పెరిగిందా అన్నది మొదటిది. పక్క మండలంలో కూడా పిల్లలు దూరాభారం వల్లే బడి మానేస్తున్నారా అన్నది రెండోది. అక్కడ మిరప కోతలకు వెళ్లి మానేస్తుంటే సైకిలిచ్చి ప్రయోజనం లేదు.

అసంప్షన్ అడిగితే ఆ గండిని పూడ్చే మాట వెతకాలి, అంటే రచయిత పైకి చెప్పకుండా నమ్మిన మాట. స్ట్రెంథెన్ అడిగితే గండిని కొంతైనా పూడ్చే కొత్త సమాచారం. వీకెన్ అడిగితే గండిని ఇంకా వెడల్పు చేసేది. ఫ్లా అడిగితే ఆ గండి పేరు చెప్పమని అర్థం. పిల్లలు వీటిని నాలుగు అధ్యాయాలుగా విడివిడిగా చదువుతారు, నాకది వృథా శ్రమ అనిపిస్తుంది. గండి కనబడితే నాలుగూ ఒకేసారి వస్తాయి. ఆప్షన్లు చూడకముందే ఆ గండిని ఒక్క ముక్కలో మనసులో అనుకోవడం అలవాటు చేసుకోండి.

ఇప్పుడు ఈ వాదనని బలహీనపరిచేది ఏది అని అడిగారనుకోండి.

అ) సైకిళ్లకు ప్రభుత్వానికి చాలా ఖర్చయింది.
ఆ) సైకిలు అందుకున్న పిల్లల్లో కొందరు దాన్ని ఇంట్లో పెద్దవాళ్లకు ఇచ్చేశారు.
ఇ) సైకిళ్లు ఇచ్చిన నెలలోనే, ఏళ్లుగా తెగిపోయి ఉన్న వాగు వంతెనను బాగుచేశారు.
ఈ) చదువు బాగుపడాలంటే హాజరు ఒక్కటే చాలదు.

"ఈ" అందరికీ నచ్చే మాట. మన వాదన చదువు గురించి కాదు, హాజరు గురించి. కాబట్టి అది పక్కకి. "అ" ఖర్చు గురించి, హాజరుకి సంబంధం లేదు. "ఆ" కాస్త తగులుతుంది కానీ "కొందరు" అంటే ముగ్గురు కూడా కావచ్చు, పైగా హాజరు పెరిగిన మాట అలాగే ఉంది. "ఇ" చూడండి. హాజరు పెరగడానికి ఇంకో కారణం తెచ్చి ముందు పెట్టింది. మొదటి గండి ఒక్కసారిగా వెడల్పయింది. జవాబు అదే.

అసంప్షన్ ప్రశ్నల్లో రెండు ఆప్షన్ల మధ్య తేలకపోతే తిరగేసి చూడండి. ఆప్షన్‌లోని మాటకి వ్యతిరేకం అనుకుని, వాదన కూలుతుందో లేదో చూడటం. "పక్క మండలంలో దూరం కొంతైనా అడ్డంకే" అన్న ఆప్షన్‌ని తిరగేస్తే "పక్క మండలంలో దూరం అసలు అడ్డంకే కాదు" అవుతుంది. అప్పుడు వాదన కుప్పకూలింది. అంటే రచయిత ఆ మాట మీద నిలబడ్డాడన్నమాట. తిరగేసినా వాదన నిలబడే ఉంటే అది అసంప్షన్ కాదు.

రోజుకి ఒక వాదన మీరే తయారుచేసుకోండి. బస్సులో, టీ కొట్టు దగ్గర, ఇంట్లో నాన్నగారికి బాబాయికి మధ్య రాజకీయాల మీద జరిగే గొడవలో కావలసినన్ని దొరుకుతాయి. ఎవరు చెప్పింది సరైనదని తీర్పు చెప్పకండి. గండి ఎక్కడుందో మాత్రం రాసుకోండి.

ఒక్క "నే" తెచ్చే తేడా

"చదివితే పాసవుతావు." "చదివితేనే పాసవుతావు." ఈ రెండు వాక్యాలకీ తేడా తెలుగు వచ్చిన ఎవరికైనా తెలుసు. మొదటిదాంట్లో చదవడం చాలు. రెండోదాంట్లో చదవడం తప్పనిసరి, కానీ అదొక్కటే చాలని ఎవరూ హామీ ఇవ్వలేదు. ఇంగ్లీషులో "ఇఫ్"కి, "ఓన్లీ ఇఫ్"కి ఉన్న తేడా సరిగ్గా ఇదే. కోచింగ్ పుస్తకాల్లో బాణం గుర్తులతో పేజీలకు పేజీలు వివరించేది మన నోట్లో చిన్నప్పటినుంచీ ఉంది. "ఓన్లీ ఇఫ్" కనబడితే "తేనే" అని తెలుగులో అనుకోండి. "అన్‌లెస్" కనబడితే "తే తప్ప" అనుకోండి. "చదివితే తప్ప పాస్ కావు" అన్నా, "చదివితేనే పాసవుతావు" అన్నా ఒకటే.

"నిప్పు లేనిదే పొగ రాదు" అన్న సామెతతో మిగతాది చూద్దాం. పొగ కనబడింది, కాబట్టి నిప్పు ఉంది. ఇది సరైనది. నిప్పు లేదు, కాబట్టి పొగ ఉండదు. ఇదీ సరైనదే. నిప్పు ఉంది, కాబట్టి పొగ ఉంటుంది. ఇది తప్పు. పొగ లేదు, కాబట్టి నిప్పు లేదు. ఇదీ తప్పే. ఎందుకు తప్పో మన న్యాయశాస్త్రంలో (చట్టం కాదు, పాతకాలపు తర్కశాస్త్రం) పూర్వమే ఒక చక్కటి ఉదాహరణ ఇచ్చారు: ఎర్రగా కాలిన ఇనుప గుండు. దానిలో నిప్పు ఉంది, పొగ లేదు. పరీక్ష హాల్లో అనుమానం వస్తే ఆ ఇనుప గుండుని గుర్తు తెచ్చుకోండి.

ఇంకో ఉదాహరణ పరీక్షదే. "హాల్ టికెట్ ఉంటేనే లోపలికి పంపుతారు." దీన్నిబట్టి హాల్ టికెట్ ఉన్నవాళ్లందరినీ పంపుతారని అనగలమా? అనలేం. ఆలస్యంగా వెళితే టికెట్ ఉన్నా గేటు బయటే. లోపల కూర్చున్నవాళ్లందరి దగ్గరా టికెట్ ఉందని మాత్రం అనగలం. ఇలాంటి వాక్యాలు చట్టాల్లో అడుగడుగునా వస్తాయి, కాబట్టి ఇది బాగా పట్టుబడితే లీగల్ రీజనింగ్ సెక్షన్‌లో కూడా మార్కులు పెరుగుతాయి.

కాకి, తాటిపండు, అన్నం మెతుకు

కాకి వచ్చి వాలింది, అదే క్షణంలో తాటిపండు రాలింది. కాకి వల్లే రాలిందనడం పొరపాటు. కాకతాళీయం అన్న మాట అలా వచ్చిందే. ప్యాసేజీల్లో ఎక్కువగా కనిపించే లొసుగు ఇది. "ఫలానాది జరిగాక ఫలానాది జరిగింది, కాబట్టి దానివల్లే ఇది" అన్న చోటల్లా మూడు ప్రశ్నలు వేయండి. రెంటికీ కారణమైన మూడోది ఏదైనా ఉందా? కారణం, ఫలితం తారుమారయ్యాయా? ఊరికే కలిసొచ్చిందా? "పోలీసులు ఎక్కువగా ఉన్న చోటే నేరాలు ఎక్కువ" అన్న వాక్యం చూస్తే రెండో ప్రశ్న ఎంత అవసరమో తెలుస్తుంది. నేరాలు ఎక్కువ కాబట్టే పోలీసుల్ని పెట్టి ఉండొచ్చు.

అన్నం ఉడికిందో లేదో చూడటానికి ఒక మెతుకు చాలు. ఎందుకు చాలంటే, గిన్నెలోని మెతుకులన్నీ ఒకే నీళ్లలో, ఒకే మంట మీద ఉడికాయి కాబట్టి. సర్వేల గురించిన ప్యాసేజీ వస్తే అడగాల్సింది ఇదే: ఇక్కడ పట్టి చూసిన మెతుకు మిగతా మెతుకుల్లాంటిదేనా? స్మార్ట్‌ఫోన్ యాప్‌లో 500 మందిని అడిగి, రాష్ట్రంలో అందరూ ఆన్‌లైన్ చెల్లింపులకే మొగ్గు చూపుతున్నారంటే, ఫోన్ లేనివాళ్లు ఆ గిన్నెలో లేనే లేరు. పెద్ద సంఖ్య చూసి లొంగిపోకండి. 50,000 మందిని అడిగినా అందరూ యాప్ వాడేవాళ్లే అయితే అదే లొసుగు.

మిగిలినవి తొందరగా పట్టుబడతాయి. "నువ్వు సిగరెట్ తాగుతూ నన్ను మానమంటావా" అన్నది మాటని వదిలి మనిషిని పట్టుకోవడం. "మా పథకాన్ని ఒప్పుకోకపోతే అభివృద్ధికి అడ్డుపడుతున్నట్టే" అన్నది మూడో దారి లేదని నమ్మించడం. ఎదుటివాడి మాటని సాగదీసి, ఆ సాగదీసినదాన్ని కొట్టడం ఇంకొకటి. టీవీ చర్చ ఒక అరగంట చూస్తే ఈ మూడూ వస్తాయి.

ప్రశ్న ఏది నమ్మమంటోంది

ఈ ఒక్క సంగతి అర్థమైన రోజున చాలామంది పిల్లల మొహాలు వెలగడం చూశాను. స్ట్రెంథెన్, వీకెన్ ప్రశ్నల్లో "ఇఫ్ ట్రూ" అని ఉంటుంది. అంటే ఆప్షన్‌లో రాసింది నిజమని ఒప్పేసుకోవాలి. అది ప్యాసేజీలో ఉందా, నిజంగా అలా జరుగుతుందా అని అడగకూడదు. మనం అనుమానించాల్సింది ప్యాసేజీలోని వాదనని. ఇన్ఫరెన్స్ ప్రశ్నల్లో, అంటే ప్యాసేజీని బట్టి ఏం తేలుతుందని అడిగేవాటిలో, దీనికి పూర్తిగా వ్యతిరేకం. ప్యాసేజీలో ఉన్నది నిజమని ఒప్పుకుని, ఆప్షన్లని అనుమానించాలి. ప్యాసేజీ ఒప్పుకున్నంత మాత్రమే అనే ఆప్షన్ సరైనది. ఒక్క అడుగు ఎక్కువ వేసినా తప్పు.

ఆ ఎక్కువ అడుగు ఎక్కడ పడుతుందో చెప్పే పదాలుంటాయి. "ఆల్వేస్", "నెవర్", "ఓన్లీ", "ఆల్" కనబడితే ప్యాసేజీ అంత గట్టిగా అందా అని వెనక్కి వెళ్లి చూడండి. "సమ్", "మే", "కెన్" ఉన్న మెత్తటి ఆప్షన్లు ఇన్ఫరెన్స్‌లో ఎక్కువసార్లు నిలబడతాయి. అలాగని కళ్లు మూసుకుని మెత్తటిదే ఎంచుకోకండి. ప్యాసేజీలోనే "ఆల్" అని ఉంటే గట్టి ఆప్షనే సరైనది కావచ్చు. ఇంకో చిన్న మాట: తర్కంలో "సమ్" అంటే కనీసం ఒకరు. అందరూ కావడానికీ అడ్డు లేదు. మామూలు మాటల్లో "కొందరు వచ్చారు" అంటే "అందరూ రాలేదు" అని అర్థం తీసుకుంటాం. పరీక్షలో అలా తీసుకోకూడదు.

రిజర్వేషన్లు, ఉరిశిక్ష, వ్యవసాయం, మతం లాంటి విషయాల మీద ప్యాసేజీ వచ్చినప్పుడు మీ గుండె వేడెక్కుతుంది. ఆ విషయాల మీద మీకు అభిప్రాయం ఉండటం మంచిదే, ఉండాలి కూడా. లా చదవాలనుకునేవాళ్లకి అది లేకపోతే ఎలా? కాకపోతే వకీలు కోర్టులో ఫైల్లో ఉన్న కాగితాల మీద వాదిస్తాడు, తనకి తెలిసినదంతా తెచ్చి వాదించడు. ప్యాసేజీ మీ ఫైలు. మీరు గట్టిగా వ్యతిరేకించే రచయితల వ్యాసాలే ఏరుకుని వారానికి రెండు చదవండి. వాళ్ల వాదనని వాళ్లే మెచ్చుకునేంత న్యాయంగా రెండు వాక్యాల్లో రాయగలిగితే, పరీక్షలో ఈ వేడి మిమ్మల్ని ఏమీ చేయలేదు.

సీటింగ్, సిరీస్ లాంటి చిక్కు ప్రశ్నలు

ఐలెట్ రాసేవాళ్లు వీటికి రోజూ అరగంట ఇవ్వాలి. క్లాట్ మాత్రమే రాసేవాళ్లకి వారానికి రెండు మూడు సెట్లు చాలు. పూర్తిగా మాత్రం వదిలేయకండి. బొమ్మ గీసి చేయండి, తలలో చేయొద్దు.

తప్పుల పుస్తకం

రెండో నెల నుంచి రోజుకి రెండు ప్యాసేజీలు సమయం పెట్టుకుని చేయండి. ప్రశ్నల కోసం డబ్బు పోయనక్కర్లేదు. నేషనల్ లా యూనివర్సిటీల కన్సార్టియం వెబ్‌సైట్‌లో పాత క్లాట్ పేపర్లు ఉన్నాయి. ఎల్‌శాట్ పెట్టే సంస్థవాళ్ల లాహబ్ అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా ఖాతా తెరిస్తే కొన్ని అసలు పాత పేపర్లు దొరుకుతాయి. వాటిలోని చిన్న చిన్న వాదనలు గండి వెతకడానికి చాలా మంచి మేత. క్లాట్ పేపర్లలో 2020 తర్వాతవి కొన్నే ఉన్నాయి కాబట్టి వాటిని మొదటే ఖర్చు చేసేయకండి. చివరి రెండు నెలలకు కనీసం మూడు పేపర్లు ముట్టకుండా దాచుకోండి.

జవాబులు చూసుకున్నాక చాలామంది స్కోరు లెక్కపెట్టి పుస్తకం మూసేస్తారు. అసలు చదువు అక్కడే మొదలవుతుంది. ప్రతి తప్పుకీ ఒక పేరా రాయండి. నేను ఏ ఆప్షన్ పెట్టాను, ఆ క్షణంలో ఎందుకు సరైనదనిపించింది, అది ఏ పదం దగ్గర తప్పు, సరైన ఆప్షన్‌ని ఎందుకు వదిలేశాను. ఈ నాలుగూ ఉండాలి. "అజాగ్రత్త" అని రాసి వదిలేయకండి, ఆ మాటతో ఏదీ బాగుపడదు. ఉదాహరణకి ఇలా రాయాలి: "సి పెట్టాను. రైతుల అప్పుల గురించి నాకు తెలిసిన సంగతి కాబట్టి నిజమనిపించింది. కానీ ప్యాసేజీలో కౌలు రైతుల మాట మాత్రమే ఉంది, సి లో 'ఆల్ ఫార్మర్స్' అని ఉంది. డి చప్పగా ఉందని వదిలేశాను." రాసేటప్పుడు తెలుగులోనే రాయండి, మొహమాటం లేకుండా వస్తుంది.

ఊరికే తగిలి కరెక్టయిన ప్రశ్నలు కూడా ఇందులో చేర్చండి. టెస్ట్ రాసేటప్పుడే అనుమానం ఉన్న ప్రశ్న పక్కన చుక్క పెట్టుకుంటే తర్వాత గుర్తుపట్టొచ్చు. నెల తిరిగాక మొత్తం తప్పులన్నీ ముందేసుకుని లెక్కపెట్టండి. సొంత అభిప్రాయం కలపడం వల్ల ఎన్ని, ప్రశ్న సరిగ్గా చదవక ఎన్ని, "నాట్", "ఎక్సెప్ట్" చూడక ఎన్ని, ఇంగ్లీషు పదం తెలియక ఎన్ని. నేను చూసినంతలో చివరి లెక్క పిల్లలు భయపడినదానికంటే తక్కువే తేలుతుంది. ఆ కాగితం చూసినప్పుడు తెలుగు మీడియం పిల్లల్లో వచ్చే ధైర్యం నాకెంతో ఇష్టం. ఏ గుంపు పెద్దగా ఉంటే వచ్చే నెల పని దాని మీద.

సమయం, ఊహించి పెట్టడం

120 నిమిషాల్లో ఈ సెక్షన్‌కి 26 నుంచి 28 నిమిషాలు పెట్టుకోండి. ఒక ప్యాసేజీకి దాని ప్రశ్నలతో కలిపి ఆరేడు నిమిషాలు. చదవడానికి రెండున్నర, మిగతాది ప్రశ్నలకి. ముందు ప్రశ్నలు చదివి ప్యాసేజీకి వెళ్లమని కొందరు చెబుతారు. నాకది నచ్చదు, ఆరు ప్రశ్నలు తలలో పెట్టుకుని చదివితే వాదన చెయ్యి జారిపోతుంది. ప్యాసేజీ ఒకసారి నిదానంగా చదివి, ప్రతి పేరా పక్కన రెండు మూడు మాటలు రాసుకుంటే మళ్లీ వెనక్కి వెళ్లే పని తగ్గుతుంది. ఒక ప్రశ్న దగ్గర నిమిషంన్నర దాటితే వదిలేసి ముందుకు వెళ్లండి.

నెగటివ్ మార్కింగ్ అంటే చాలామందికి టెన్షన్. లెక్క వేసి చూడండి. ఏమీ తెలియకుండా 16 ప్రశ్నలకి గుడ్డిగా పెడితే సగటున 4 తగులుతాయి, 12 తప్పుతాయి. 4 మార్కుల్లో 3 పోయి 1 మిగులుతుంది. అంత శ్రమకి అది ఏమూలకీ చాలదు. అదే ఆ 16 ప్రశ్నల్లోనూ రెండేసి ఆప్షన్లు కారణం చూపి కొట్టేయగలిగితే సగటున 8 తగులుతాయి, 8 తప్పుతాయి. 8లో 2 పోయి 6 మిగులుతాయి. కాబట్టి రెండు ఆప్షన్లు కొట్టేశాక భయపడి వదిలేయకండి, పెట్టండి. నాలుగూ ఒకేలా కనిపిస్తుంటే వదిలేయండి.

చివరి రెండు నెలలు వారానికి ఒక పూర్తి మాక్ టెస్ట్ రాయండి, కాగితం మీద, ఓఎంఆర్ షీటుతో సహా. ఫోన్‌లో రాసిన మాక్ ఈ పరీక్షకి సరైన అలవాటు కాదు, క్లాట్ ఇప్పుడు పెన్నూ కాగితంతోనే జరుగుతోంది, దిద్దిన గుండ్రం మళ్లీ చెరపడానికి ఉండదు. ఒక్కో ప్యాసేజీ ప్రశ్నలు పూర్తి కాగానే వాటి గుండ్రాలు దిద్దేయండి, అన్నీ చివరికి దాచకండి. క్లాట్ కొన్నేళ్లుగా మధ్యాహ్నం 2 నుంచి 4 దాకా జరుగుతోంది. మాక్ కూడా ఆ వేళకే పెట్టుకోండి. ఆదివారం పప్పన్నం, పెరుగన్నం తిని కళ్లు మూతలు పడుతుండగా నాలుగో ప్యాసేజీలో గండి వెతకడం ఎలా ఉంటుందో డిసెంబర్ రాకముందే మీ ఒంటికి తెలియాలి. ఎంత తింటే నిద్ర రాదో కూడా ఆ మాక్‌లలోనే తేల్చుకుని, పరీక్ష రోజు ఆ కొలతే తినండి.